ఎడమ కాలు ఆడటం లేదు

1
గట్టు కట్టిన 41వ ఏడు, జూలై 3

ఈ రోజు నుంచి రాయదలచుకున్నాను. కారణం ఒకటే. మా ఇంట్లో ఎవరు ఏ మాట అన్నారన్నది ఇక ఎక్కడా మిగలడం లేదు. గోడలో ఉన్న ఆలకి యంత్రం అన్నీ వింటుంది గాని మాటలు దాచదు, వాటి అర్థం మాత్రమే దాచుకుంటుంది. నిన్న సాయంత్రం మా అమ్మాయి తరళతో, "నీ గదిలో కుప్పిగంతులు కనిపిస్తున్నాయి గాని చదువు కనిపించడం లేదు" అన్నాను. నేనేమన్నానో చదవమని ఆలకిని అడిగితే, "మీరు అమ్మాయి పని మీద ఆసక్తి కనబరిచారు" అని చదివింది. ముప్పై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని. అన్న మాటకూ అనుకున్న అర్థానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో నాకు తెలుసు. ఆ దూరం కొలవాలంటే ముందు అన్న మాట చేతిలో ఉండాలి. అందుకని ఇందులో మాటలు అన్నవి అన్నట్టే రాస్తాను.

ఇవాళ్టి పనులు: గట్టుకు సముద్రం ఉన్న ఉప్పు వైపు కిటికీల మీద, ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. మంచినీళ్ళున్న తీపి వైపు కుళాయి దగ్గర మా వంతు రెండు బిందెలు పట్టాను. నాచు పచ్చడి నూరాను. చారుమతి జడ వేశాను.

చారుమతి నా మనవరాలు, తరళ కూతురు. తొమ్మిదేళ్ళు. తరళ నడిపే నుడిగదిలో అందరికంటే ముందుంది.

ఆ గది ఎందుకు వచ్చిందో రాయాలి. గట్టు మీద వైద్యుడి పడవ ఒక్కటే. అది ఎవరింటికి వెళ్ళాలో ఆలకి తేల్చి గంట మోగిస్తుంది. ఇదివరకు ఆలకి ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు నమ్మేది. పక్కింటి బేబమ్మ "మా అల్లుడు నా ప్రాణం తీస్తున్నాడు" అని వాపోతే కాపలావాళ్ళు వచ్చి ఆ అబ్బాయిని రెండు రోజులు కూర్చోబెట్టారు. నేను "కడుపు మండిపోతోంది" అన్న రోజున నిప్పార్పే పడవ వచ్చి మా వంటింట్లో నురుగు చల్లి వెళ్ళింది. క్రమంగా జనం నోరు కట్టేసుకున్నారు. పిల్లలు "బాధగా ఉంది, పదికి ఆరు" అని మాట్లాడటం నేర్చుకున్నారు. మా పిల్లలకు "గట్టెక్కాం" అంటే బడి నుంచి ఇంటికొచ్చాం అని మాత్రమే అర్థం.

మూడేళ్ళ కిందట నుడిగది పెట్టారు. పిల్లలు నుడికారాన్ని ఒళ్ళు కదిలించి ఆడతారు. గది చూసి నేర్చుకుంటుంది. గది నేర్చుకున్నది ఆలకికి అందుతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలంటుంది తరళ.

ఆ చదువు మీద నాకు కోపం లేదు. మొన్న అన్నం వదిలేస్తుంటే కసిరాను. చారుమతి తలెత్తి, "అమ్మమ్మా, నా మీద కత్తులు నూరకు" అంది. తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. ఇంకో గరిటె వడ్డించాను.

2
జూలై 6

నుడిగదికి వెళ్ళి వెనక కూర్చుని చూశాను.

నేలంతా గాజు. కింద నుంచి వెలుగు వస్తుంది. గది ఒక నుడి చదువుతుంది, పిల్లలు దాన్ని ఆడాలి. సరిగ్గా ఆడితే పచ్చ దీపం, తప్పితే ఎర్ర దీపం. తర్వాత గది ఒక సందర్భం చెబుతుంది. దానికి తగిన నుడిని పిల్లలు నోటితో అనాలి. అప్పుడు మళ్ళీ దీపం. పద్నాలుగు మంది పిల్లలు.

"ముక్కు మీద వేలు" అనగానే రెహానా అనే పిల్ల ముక్కులో వేలు పెట్టింది. గది ఏమాత్రం నవ్వకుండా, "ఇంకొంచెం పైన" అంది. పిల్లలు పడి పడి నవ్వారు. చారుమతి కూడా నవ్వింది. రెహానా ఊరుకోలేదు. "నవ్వకే చారూ, పొంగిపోతావు, పొయ్యి ఆరిపోద్ది" అంది. పేరును చారు చేసి పోపు పెట్టడం ఆ పిల్లకు అలవాటు. నుడిగది లేకపోతే ఆ పిల్లకు ఆ మాట వచ్చేది కాదు. అది ఒప్పుకోవాలి.

పిల్లలకు మోచేతుల దగ్గరా, మోకాళ్ళ కిందా పట్టీలుంటాయి. చెయ్యో కాలో తప్పు దారిలో వెళితే పట్టీ బిగిసి సరైన దారికి లాగుతుంది. "కాలు దువ్వడం" చారుమతి వంతు. ఎద్దు గిట్టతో మట్టి గీరినట్టు పాదం పైకెత్తి వెనక్కి దువ్వాలి. ఎడమ కాలితోనే దువ్వాలి, ఎందుకంటే గది చూసే కన్ను నేలలో ఆ వైపే ఉంది. ఆగస్టు 7న నుడి పండుగ. నాలుగు గట్ల పెద్దలు చూడటానికి వస్తున్నారు. అందుకని చారుమతి ఎడమ కాలి పట్టీని ఇంటి దగ్గర కూడా ఉంచారు, సాధన కోసం. దాని తాళం గదిలోనే తీస్తారు.

"పట్టీ ఇంత బిగుతెందుకే?" అని తరళను అడిగాను.

"వదులైతే నేల గుర్తుపట్టదమ్మా."

"నేల గుర్తుపట్టకపోతే నువ్వు పట్టు. తల్లివి కదా."

"నీకు యంత్రమంటే పడదు" అంది.

3
జూలై 15

భోజనాల దగ్గర చారుమతి కంచం ముందు కూర్చుంటూ, "అమ్మమ్మా, నా ఎడమ కాలు ఆడట్లేదు" అంది.

నేను నోరు తెరిచేలోపే గోడలోంచి ఆలకి మాట్లాడింది. "చాలా దగ్గరికొచ్చావు చారుమతీ. 'కాళ్ళూ చేతులూ ఆడటం లేదు' అనాలి. మళ్ళీ చెప్పు."

పిల్ల నా వైపూ గోడ వైపూ చూసింది. "కాళ్ళూ చేతులూ ఆడటం లేదు" అంది.

గోడ మీద పచ్చ దీపం వెలిగింది.

తరళ మురిసిపోయింది. "చూశావా అమ్మా, కంచం దగ్గర కూడా సాధనే."

నేను అన్నం కలపడం ఆపాను. "కాళ్ళూ చేతులూ ఆడకపోవడం" అంటే ఏమిటో నాకు తెలుసు. చెడ్డ కబురు వింటే, పోలీసు పిలిస్తే, పెళ్ళివారు చెప్పకుండా దిగితే ఆడవు. భయం ముందు, కాళ్ళూ చేతులూ తర్వాత. భయం పుడితే రెండు కాళ్ళూ ఆడవు, రెండు చేతులూ ఆడవు. మన భాషలో కుడి భుజం ఉంది, ఎడమ కన్ను అదరడం ఉంది. ఈ నుడిలో మాత్రం ఎడమ లేదు, కుడి లేదు.

"చారూ, దేనికి భయపడ్డావే?"

"దేనికీ లేదు."

"మరి ఎందుకు ఆడటం లేదు?"

"తెలీదు అమ్మమ్మా. ఆడట్లేదంతే."

"అమ్మా, దాన్ని అన్నం తిననీ" అంది తరళ.

4
జూలై 19

సాయంత్రం చారుమతితో తీపి వైపు నుంచి బిందె తెస్తున్నాను. గాలి ఎక్కువగా ఉంది. పిల్ల నాకు ముందు నడుస్తోంది. ఎడమ కాలి చెప్పు ఊడి దారిలో ఉండిపోయింది. పిల్ల ఆగలేదు. గులకరాళ్ళ మీద అలాగే నడిచిపోయింది.

"చెప్పు ఏదే?"

ఆగి కాలి వైపు చూసుకుంది. చూస్తే గాని తెలియలేదు.

ఇంటికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకోమన్నాను. చీపురు పుల్ల తీసి కుడి పాదం మీద గీశాను. "చక్కిలిగిలి" అంది. ఎడమ పాదం మీద గీశాను. ఏమీ అనలేదు. మళ్ళీ గీశాను. "ఇంకా మొదలెట్టలేదా అమ్మమ్మా?" అంది. పాదం పైకి ఎత్తమన్నాను. కుడిది లేచింది. ఎడమ పాదం తడిగుడ్డలా కిందికే వాలి ఉంది.

పట్టీ కింద వేలు దూర్చబోయాను. దూరలేదు. కత్తెర పెట్టాను. లోపల తీగ ఉంది. కత్తెర నోరు పోయింది.

"ఆలకీ, చారుమతి ఎడమ కాలు ఆడటం లేదు. డాక్టరును పిలువు" అన్నాను.

"బాగుందండీ" అంది ఆలకి. "అది ఆందోళనను తెలిపే నుడి. మీకు ఆందోళనగా ఉందా? పాట పెట్టమంటారా?"

"ఆందోళన కాదు. కాలు."

"మీ ఆందోళన అర్థమైంది."

పాట పెట్టింది. జోలపాట.

5
జూలై 22

తరళతో మాట్లాడటానికి మూడు రోజులు పట్టింది. పండుగ పనుల్లో మనిషి ఇంట్లో దొరకలేదు. ఇవాళ ఉదయం గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"పిల్ల కాలు పడిపోతోంది. పాదంలో స్పర్శ లేదు. పట్టీ తియ్యి."

"ఏ కాలమ్మా?"

"ఎడమ కాలు."

"ఆ కాలితోనే నిన్న నూటికి తొంభై ఎనిమిది వచ్చింది. గది చూసింది. నేనూ చూశాను. ఎంత బాగా దువ్విందో తెలుసా."

"దువ్వింది అదా, పట్టీయా?"

తరళ చెప్పు తొడుక్కుంటూ ఆగింది. నేను చెప్పదలచుకున్నది మొత్తం చెప్పాను. కాలు తప్పితే పట్టీ లాగుతుంది. కాలు అసలు కదలకపోతే పట్టీ మొత్తం పనీ చేస్తుంది. పట్టీకి వంక ఉండదు, అలసట ఉండదు. అందుకే పిల్ల కాలు చచ్చుబడినకొద్దీ దాని మార్కులు పెరుగుతున్నాయి. జూన్‌లో డెబ్బై వచ్చేవని తరళే చెప్పింది.

"అభ్యాసం చేస్తే మార్కులు పెరుగుతాయమ్మా. నువ్వు నేర్పిందే."

"నేను నేర్పినప్పుడు పిల్ల కాలికి చెప్పు ఊడితే తెలిసేది."

"ఆలకి కూడా విన్నది కదా. నిజంగా ఏమైనా ఉంటే గంట మోగించదా? దానికి నీ అంత తెలియదా?"

"దానికి నేర్పింది నీ గది. నీ గదికి నేర్పింది నీ పిల్లలు. నీ పిల్లలకు నేర్పింది గది. ఇందులో కాలు తెలిసినవాళ్ళు ఎవరే?"

"నా కూతురమ్మా అది. దానికి నేను చెడు చేస్తానా?" అంది తరళ. గొంతులో నిజమైన బాధే ఉంది. చారుమతి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. పిల్ల ఎడమ పాదం నేలకు రాసుకుంటూ వెళ్ళింది. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా వినిపించింది.

6
జూలై 28

ఈ వారమంతా ఆలకితో పోరాడాను. వేరే అర్థం తీయడానికి వీల్లేని వాక్యం ఒక్కటి దొరికితే చాలనుకున్నాను. నా జీవితమంతా ఒక మాటకు రెండు అర్థాలు ఎలా వస్తాయో పిల్లలకు చెప్పాను. ఇప్పుడు ఒకే అర్థం ఉన్న మాట కోసం వెతుకుతున్నాను.

"చారుమతి సరిగ్గా నడవలేకపోతోంది" అన్నాను. పని నడవడం, సంసారం నడవడం వంటివన్నీ ఏకరువు పెట్టింది.

"కాలు మొద్దుబారింది" అన్నాను. మనసు మొద్దుబారడం గురించి ఓదార్చింది.

"పాదం వాలిపోతోంది" అన్నాను. కాళ్ళ మీద వాలడం శరణు కోరడమని చెప్పి, ఎవరితోనైనా గొడవ జరిగిందా అని అడిగింది.

"మోకాలి కింద బయటి వైపు చర్మానికి వేడి తెలియడం లేదు, చల్లన తెలియడం లేదు" అన్నాను. ఇది తప్పక పడుతుందనుకున్నాను. "ఈ ఇంట్లో నుడికారం బాగా వాడతారని గుర్తు పెట్టుకున్నాను. చారుమతి ఈ నెల గట్టు మొత్తానికి మొదటి స్థానంలో ఉంది. అభినందనలు" అంది.

అదీ సంగతి. బాగా మాట్లాడే పిల్ల మాట నమ్మదగ్గది కాదు. నత్తి పిల్లో మందమతో అయి ఉంటే ఈపాటికి పడవ వచ్చేది.

రేవుకు వెళ్ళాను. పడవ దగ్గర ఉన్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "గంట మోగలేదు కదండి పంతులమ్మగారూ. మోగకుండా కదిలిస్తే అవతల మోగినోళ్ళు పోతారు. మీరే చెప్పండి, ఎవర్ని ఆపమంటారు?" తప్పు మాట కాదు. తిరిగి వచ్చాను.

బేబమ్మ గుమ్మంలో చేపలు ఎండబెడుతోంది. అడక్కపోయినా సంగతి తెలుసు దానికి. గోడలు పలచన.

"అప్పట్లో నా పానం తీత్తన్నాడంటే మా అల్లుణ్ణి ఈడ్చుకుపోయారు" అంది. "ఇప్పుడు వోడొచ్చి నిజంగా పీక నొక్కినా పాటేత్తాదండి ఇది. మా వోడికి బాగా కలిసొచ్చింది."

నవ్వు రాలేదు. బేబమ్మ కూడా నవ్వలేదు. చేపను తిరగేసింది. "మాటల్తో లాభం లేదండి. మీ చేతికి ఆ కడియం ఉంది గదా. అది మాట ఇనదు గదా" అంది.

నా ఎడమ చేతికి ఒక కడియం ఉంది. డెబ్బై దాటిన వాళ్ళందరికీ వేశారు. గుండె లెక్క తప్పితే అదే నేరుగా గంట మోగిస్తుంది. దానికి ఆలకితో సంబంధం లేదు, దానికి భాష రాదు.

"గుండె ఎందుకు తప్పుతుందే నాకు? నిక్షేపంగా ఉంది."

"మెట్లెక్కితే తప్పుద్దండి" అంది బేబమ్మ.

7
ఆగస్టు 4

వెంటనే ఎక్కలేదు. తరళను ఇంకోసారి అడిగి చూశాను. పండుగ అయ్యాక తప్పకుండా చూపిద్దామంది. చారుమతి నిన్న స్నానాల గదిలో పడింది. నుదురు వాచింది. "కాలు జారింది" అని తల్లితో చెప్పింది. దీపం వెలిగింది.

ఈ ఉదయం తరళ గదికి తొందరగా వెళ్ళింది. చారుమతిని నా దగ్గర వదిలి, తొమ్మిదికి తీసుకురమ్మంది. నేను దాన్ని గట్టు మెట్ల కింద రాతి మీద కూర్చోబెట్టాను. కదలొద్దన్నాను. నీటి మట్టం నుంచి గట్టు తల వరకు మెట్లు ఏటవాలుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పటి నుంచి నేను ఎత్తుడు పెట్టెలోనే వెళ్తున్నాను. చీర దోపుకుని ఎక్కడం మొదలుపెట్టాను.

"అమ్మమ్మా, ఎక్కడికి?" అంది చారుమతి.

"డాక్టరు దగ్గరికి."

"పైన డాక్టరు లేడు కదా."

"లేడు."

మొదటిసారి పైకి వెళ్ళి దిగాను. కడియం తెల్లగానే ఉంది. రెండోసారి ఆగకుండా ఎక్కాను. సగంలో చెవుల్లో హోరు మొదలైంది. కడియం గోధుమ రంగుకు తిరిగింది. బేబమ్మ కింద నుంచి, "ఆగకండి, ఆగితే మళ్ళీ తెల్లబడిపోద్ది" అని అరుస్తోంది. ఆగలేదు. పైమెట్టు ఎక్కిన తర్వాత మోకాళ్ళ మీద కూలబడ్డాను. కడియం ఎర్రబడింది. రేవు వైపు గంట వినిపించింది.

డాక్టరు యోహానుగారు వచ్చేసరికి బేబమ్మ, దాని అల్లుడు నన్ను కిందికి దించారు. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. పెట్టె తెరుస్తూ, "మాణిక్యాంబగారేనా? గుండెల్లో ఎలా ఉంది?" అన్నారు.

"గుండెకేం లేదు. ఈ పిల్ల ఎడమ కాలు చూడండి."

"ముందు మీ..."

"నాకు ఊపిరి అందేలోపు మీరు చూడటం అయిపోవాలి. ఆ తర్వాత కడియం తెల్లబడితే మిమ్మల్ని వెనక్కి పిలుస్తారు."

ఆయన పెట్టెను పిల్ల వైపు జరిపారు. పిల్ల దగ్గర కూర్చున్నారు. పాదం పట్టుకుని చూశారు, సూదితో తాకారు, మోకాలి కింద తట్టారు. పట్టీ చూశారు. ఇంకేమీ అడగకుండా పెట్టెలోంచి ఎముకలు కోసే కత్తెర తీసి పట్టీని కోసేశారు. కింద చర్మం నల్లగా కమిలి, వేలు పట్టేంత గాడి పడింది.

"ఎప్పుడు మొదలైందమ్మా ఇది?" అని అడిగారు.

"జూన్‌లోనే, సెలవులయ్యాక."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పాను డాక్టరుగారూ. చెప్పినప్పుడల్లా పచ్చ దీపం వెలిగింది."

ఆయన చేతిలో కత్తెర అలాగే ఉంది. పిల్ల ఆయనకు అర్థం కాలేదనుకుంది కాబోలు, వివరంగా చెప్పింది. "అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానికే వచ్చాయి."

తర్వాత ఆయన నాతో చెప్పింది ఇది. మోకాలి కింద బయటి వైపు ఒక నరం ఎముక మీదుగా చర్మానికి దగ్గరగా పోతుంది. పాదాన్ని పైకెత్తేది అదే. పట్టీ దాన్ని రోజుల తరబడి నలిపింది. మొదటి రెండు వారాల్లో తీసేసి ఉంటే మొత్తంగా వచ్చేది. ఇప్పుడు కొంత రావచ్చు. పాదం మునుపటిలా లేస్తుందని చెప్పలేరు. పరుగు గురించి నేను అడగలేదు. ఆయనే చెప్పారు, ఉండదని.

గంట నా కడియానిదని విని తరళ పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను పోయాననుకుని వచ్చింది. నన్ను చూసింది, కూతుర్ని చూసింది, నేల మీద రెండు ముక్కలైన పట్టీని చూసింది. ముందుగా దాని నోట వచ్చిన మాట ఇది: "ఇది ఎందుకు కోశారు, మూడు రోజుల్లో పండుగ..."

మాట అక్కడ ఆగింది. చారుమతి మాత్రం, "అమ్మా, నేను ఇప్పుడు కాలు దువ్వలేను కదా, రెహానాకి ఇచ్చెయ్యి" అంది.

8
ఆగస్టు 5

తరళ రాత్రి అన్నం తినలేదు. ఉదయం నా పక్కన వచ్చి కూర్చుంది. "పండుగ అవగానే అందరి పట్టీలూ తీయించేస్తానమ్మా. రెండు రోజులు. నాలుగు గట్ల వాళ్ళు బయల్దేరిపోయారు" అంది.

"మిగతా పదమూడు మందిలో ఎవరికి ఏ కాలు ఆడటం లేదో నీకు తెలుసా?"

"అందరూ బాగానే ఆడుతున్నారు."

"ఎవరు? పిల్లలా, పట్టీలా?"

చారుమతి లోపల చెక్క ఆధారం కట్టుకుని గోడ పట్టుకుని నడుస్తోంది. చెక్క నేలకు తగిలినప్పుడల్లా తరళ భుజాలు కదిలాయి. చివరికి, "ఏం చెయ్యాలో చెప్పు" అంది.

నోటితో చెబితే ఆలకి అర్థం రాసుకుంటుంది, మాట పోతుంది. అందుకని రాసి ఇస్తున్నాను. తరళ పక్కనే కూర్చుని చదువుతోంది.

ఇక జరగవలసినవి:

1. ఈ రోజు గది తెరవగానే పిల్లలందరి పట్టీలూ తీయాలి. పండుగ అయ్యాక కాదు.

2. పట్టీలు తీసిన తర్వాత ఒక్కొక్కరినీ మడమల మీద నడిపించి చూడాలి. పాదం లేవని పిల్ల మడమల మీద నడవలేదు. చూడవలసింది తరళ. గది కాదు.

3. యోహానుగారు రాసి ఇచ్చిన కాగితాన్ని తల్లిదండ్రుల ముందు తరళ నిలబడి చదవాలి. "పొరపాటు దొర్లింది" అనకూడదు, పొరపాట్లు వాటంతట అవి దొర్లవు. "పట్టీ నరాన్ని నలిపింది, పిల్ల చెప్పింది, నేను వినలేదు" అని చదవాలి.

4. పండుగ జరుపుకుంటే జరుపుకోవచ్చు. చారుమతి వేదిక ఎక్కదు. ఆమె పేరు మీద ఎవరూ చప్పట్లు కొట్టకూడదు.

5. "ఆడటం లేదు" అన్న మాటకు ముందు ఎడమ గాని కుడి గాని వినిపిస్తే ఆలకి దాన్ని నుడి అనుకోకూడదు. గంట మోగించాలి. ఈ నియమం పెట్టించడానికి పెద్దల సభకు నేను వెళ్తాను. ఒప్పుకోకపోతే వాళ్ళ గుమ్మం ముందు మెట్లు ఎక్కుతాను, దిగుతాను.

6. చెక్క ఆధారం పగలంతా ఉండాలి. సోమవారం పడవ మళ్ళీ వస్తుంది. దానికి గంట అక్కర్లేదని యోహానుగారు మాట ఇచ్చారు.

7. మడమ ఒక చేత్తో ఆనించి, వేళ్ళను పైకి వంచి కాసేపు అలాగే ఉంచాలని, నెలల తరబడి మానకూడదని యోహానుగారు చెప్పారు. కాబట్టి రోజూ రెండు పూటలా చారుమతి కాలు పట్టుకోవాలి. ఆ పని నేను చెయ్యను, బేబమ్మ చెయ్యదు. తరళే పట్టుకోవాలి.